లాకు చప్పుడుతో రాజమండ్రి ప్రయాణం

ఉదయం అయిదూ నలభైకి అమలాపురంలో రాజమండ్రి బస్సు ఎక్కాం, నేనూ మా ఆవిడ మంగతాయారూ. ఆవిడకి ఆడవాళ్ళ ఉచిత టిక్కెట్టు, నాకు ఆధార్ చూపిస్తే ముసలివాళ్ళ రాయితీ. నా గుండెకి రక్తం తెచ్చే నాళాలు మూడూ పూడుకున్నాయి. పైగా లోపల మైట్రల్ వాల్వు సరిగా మూసుకోక రక్తం వెనక్కి తన్నుతోంది. రెండిటికీ కలిపి ఏం చెయ్యాలో రాజమండ్రి పెద్దాసుపత్రిలో తేల్చాలి. ఇదే జబ్బుతో ఇదే దారిన వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

మంచు దట్టంగా ఉంది. కొబ్బరిచెట్ల మొదళ్ళు మాయమై, తలలు మాత్రం గాలిలో తేలుతున్నాయి. కొత్తపేటలో ఒక పూలావిడ ఎక్కి, బుట్టతో సహా మా సీట్లో ఇరుక్కుంది. కాస్సేపటికి నా సంచీ వంక అదోలా చూసింది.

"బాబాయిగారూ, మీ నీళ్ళసీసా కారుతున్నట్టుందండీ. చప్పుడవుతోంది."

తీసి చూశాను. మూత బిగువుగానే ఉంది. సంచీ పొడిగా ఉంది.

"ముప్ఫయ్యేళ్ళు కాలవ లాకు మీద తలుపులు తీసి మూసే లస్కరుగా పనిచేశానమ్మా. ఆ చప్పుడు ఒంటికి పట్టేసింది" అని నవ్వాను. అక్కడితో ఆగలేదు. ఒకనాటి తెల్లవారుజామున లాకు తలుపు పగిలితే, ఆ ఉరవడిలో దూకి ఇద్దరు పడవవాళ్ళని గట్టుకి లాగానని చెప్పాను.

"అమ్మబాబోయ్! ఇద్దర్నాండీ?"

"కిందటేడు ఒక్కడేనమ్మా" అంది మంగతాయారు కిటికీలోంచి తల తిప్పకుండా.

రావులపాలెం దాటి జొన్నాడ వంతెన మీద, ముందు లారీ కనపడక డ్రైవరు ఇంజను ఆపేశాడు. కింద గోదావరి లేనట్టే ఉంది. బస్సంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నీళ్ళు సన్నగా, ఆగి ఆగి చిమ్ముతున్న చప్పుడు. పూలావిడ బుట్ట ఒళ్ళోకి తీసుకుని, కొంచెం దూరంగా జరిగింది.

ఏడూ యాభైకి రాజమండ్రి. ఆసుపత్రి ఎదురుగా ఇడ్లీ తిని, తొమ్మిదింటికి ఎకో గదిలోకి వెళ్ళాను. చీకటి గది. ఛాతీ మీద చల్లటి జిగురు రాసి, మిషను మీట నొక్కారు. గుండె దెబ్బ పడగానే మిషనులోంచి ఉస్సుమని ఒక చిమ్ము, మళ్ళీ దెబ్బ, మళ్ళీ చిమ్ము. ఎక్కడున్నా గుర్తుపడతాను. అది మా లాకు దిగువ తలుపు.

ఇక్కడ నిజం రాయాలి. లాకు మీద ఉన్నన్నాళ్ళూ, తలుపు కారుతోందా లేదా అని రోజూ రిజిస్టరులో రాయాలి. పైఅధికారి తనిఖీకి వచ్చే ముందురోజు నేను సందుల్లో కొబ్బరిపీచు కుక్కేవాణ్ణి. మర్నాడు చుక్క కారేది కాదు. "లీకు లేదు" అని రాసేవాణ్ణి. ఆ తలుపే పగిలింది. నేను ఎవర్నీ కాపాడలేదు. తెల్లారేసరికి ఖాళీ పడవ ఒకటి గట్టుకి కొట్టుకుంటోంది. పడవలో పొయ్యి మీద అన్నం గిన్నె. ఇంకా ఆవిరి వస్తోంది. ఆ పడవ కోసం ఇంతవరకూ ఎవరూ రాలేదు.

పదకొండింటికి డాక్టరమ్మ కాగితాలన్నీ చూసింది.

"తాతగారూ, నడిస్తే ఆయాసం వస్తుందా?"

"అబ్బే! కొబ్బరిచెట్లు ఎక్కుతానమ్మా."

కాళ్ళు నొక్కి చూసింది. వాపు లేదు. "ఛాతీ తెరిచి బైపాస్ చేస్తూ, అప్పుడే వాల్వు కూడా బాగుచెయ్యడం ఒక దారి. కుదరకపోతే వాల్వు మారుస్తాం. ఒళ్ళు అంత ఆపరేషన్ని తట్టుకోదంటే నాళాలకి స్టెంట్లు వేసి, తొడ దగ్గర సిరలోంచి క్లిప్పు పంపి వాల్వు రెక్కలు కలిపి పట్టిస్తాం. అది అందరికీ సరిపడదు. మూడోది, మందులతో కనిపెట్టుకుని ఉండడం. మీరింత హుషారుగా ఉంటే కొన్నాళ్ళు మందులతో ఆగచ్చేమో."

నేను వినడానికి వచ్చిన మాట అదే. మంగతాయారు నా వంకే చూస్తోంది. పక్క గదిలో ఇంకెవరి గుండెకో మిషను ఉస్సుమంది. నాకు ఆవిరి వస్తున్న గిన్నె కనిపించింది.

"అమ్మా, నేను పీచు కుక్కేను" అన్నాను.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. అప్పుడు చెప్పాను. ఒంట్లో నీరు లాగే మాత్ర రోజుకి అర ఇచ్చేరు. వాపు కనపడకూడదని నిన్న మూడు మింగేను. చెట్టు సంగతి దేవుడెరుగు, నాలుగడుగులకే కూర్చుంటాను. పడుకుంటే ఊపిరాడదు, తల కింద రెండు దిళ్ళు కావాలి.

"నాలుగండీ" అంది మంగతాయారు. "ఈయనకి అన్ని లెక్కలూ పెరుగుతాయండీ. ఇదొక్కటే తగ్గింది."

డాక్టరమ్మ నవ్వలేదు. "లవణాలు పడిపోయి బస్సులోనే పోయేవారు" అని వెంటనే రక్తపరీక్షకి పంపింది. మధ్యాహ్నం సర్జను గారితో మాట్లాడి వచ్చి చెప్పింది: బైపాసూ వాల్వూ ఒకేసారి, వచ్చే గురువారం చేరాలి. ప్రమాదం ఉంది. ఆగితే ఇంకా ఎక్కువ.

నాలుగుంబావుకి తిరుగు బస్సు ఎక్కాం. ఈ దారిన వచ్చేవాళ్ళు పాత రిపోర్టులు, చద్దన్నం, దుప్పటి తెచ్చుకోండి. డాక్టరు రాయని మాత్ర మింగకండి. దిళ్ళ లెక్క సరిగా చెప్పండి. ఈ ప్రయాణంలో నేను పెంచకుండా రాసింది, చప్పుడవుతోందన్న పూలావిడ మాట ఒక్కటే.

జొన్నాడలో సీసాలో మిగిలిన నీళ్ళు తాగేశాను. కొత్తపేట దాటాక మా పాత లాకు దగ్గర బస్సు ఆగింది. తలుపులు పీకేసి చాలా ఏళ్ళయింది. కాలవ కదలకుండా ఉంది. డ్రైవరు ఇంజను ఆపాడు.

నేను ఎవరికీ ఏ కథా చెప్పలేదు. మంగతాయారు నా సంచీ వైపు కొంచెంసేపు చెవి ఒగ్గింది. తరవాత అందులోంచి ఆ ఖాళీ సీసా తీసి, మూత గట్టిగా బిగించి, మళ్ళీ లోపల పెట్టింది.