కాంటా మీద ఎర్రకారు

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలు. జనగామలో తమ్ముడింటికి వచ్చి ఉన్నాను; పాలకని బయల్దేరి స్టేషన్ రోడ్డులో టీకొట్టు ముందు నిలబడ్డాను. వెనకనుంచి ఒక చప్పుడు వచ్చింది. వెంటనే గడియారం చూసుకున్నాను.

ఇది నా పాత అలవాటు. భూపాలపల్లి బొగ్గుగనుల దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు లారీల కాంటా రాశాను. లారీ చప్పుడు వినపడగానే టైము చూసి చీటీ మీద వేయడమే నా ఉద్యోగం. ఖాళీ లారీ బరువు, నిండు లారీ బరువు, రెండింటి మధ్య తేడా. చప్పుడును బట్టే ఏ బండిలో ఎంత బొగ్గు ఉందో దగ్గరదగ్గరగా చెప్పేదాన్ని. కానీ ఆ రోజు విన్నది నేను ఎప్పుడూ చీటీ రాయని చప్పుడు. పలచగా, పదునుగా, పట్టుచీర చించినట్టుగా ఉంది.

కారు వచ్చి టీకొట్టు దగ్గరే ఆగింది. ఎర్రది. రెండు తలుపులు, రెండు సీట్లు. ఎత్తు నా నడుముకు కాస్త పైన, అంతే. వెనక అద్దం మీద తెల్లకాగితం అతికించి 'అమ్మబడును' అని రాసి ఉంది. నలభై అయిదేళ్ళ మనిషి దిగి టీ చెప్పాడు. హైదరాబాదు పోతూ ఆగాడట. ఊరు మహబూబాబాద్, మిర్చి వ్యాపారం.

"ఇంజను ఎనకనా?" అని అడిగాను.

ఆయన నన్నూ నా చేతిలోని పాలప్యాకెట్లనూ చూశాడు. "ఔనమ్మా. ఇంజను ఎనక, డిక్కి ముందట. మీకెట్ల ఎరుక?"

"చప్పుడు ఎనకకెల్లి వస్తున్నది గద."

ఆ మాటతో ఆయన టీ చల్లారిపోయింది. కారు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. అది లిమిటెడ్ ఎడిషన్. కంపెనీ మొత్తం రెండు వందలే చేసింది. చూడటానికి మామూలు మోడల్ లాగే ఉంటుంది కానీ అద్దాలు పలచనివి, సీట్లు తేలికవి, స్టెప్నీ అసలు ఇవ్వలేదు. అలా అరవై కిలోలు తగ్గించారు. తగ్గించినందుకు ధర పెంచారు. ఆయన నాలుగేళ్ళ కింద హైదరాబాదులో సెకండ్ హ్యాండుగా కొన్నాడు.

"మరి ఎందుకు అమ్ముతున్నవ్ నాయినా?"

"ఏమోనమ్మా, కొన్నప్పుడు పిట్ట లెక్క ఉండె. ఏడాది సంది మొద్దువారింది. మెకానిక్కులకు సూపిచ్చిన, ఏం లేదంటరు. మనసిరిగింది."

నా ఉద్యోగమంతా బరువు పెంచేవాళ్ళతో, దాచేవాళ్ళతో గడిచింది. కొందరు కూర్చుని, గ్రాము గ్రాము గీకి, అరవై కిలోలు తీసేసి, దాన్ని గొప్పగా చెప్పుకోవడం నేను వినడం అదే మొదలు. నాకు ఆ కారు కావాలనిపించింది. చూడటానికి కాదు, నడపటానికి.

వెనకటి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ముప్పై మూడో ఏట గనుల జీపు మీద డ్రైవింగు నేర్చుకున్నాను. తర్వాత ఎప్పుడూ చిన్న కారే. ఇప్పుడు నాకు అరవై తొమ్మిది. కుడికంట్లో నీటికాసులు. పక్కచూపు ఏటేటా తగ్గుతోంది. దవాఖానలో డాక్టరు, "లైసెన్సు ఉన్నన్ని రోజులు పగటిపూట నడపండి. మళ్ళీ రెన్యువల్ కోసం వస్తే మాత్రం నేను సంతకం పెట్టను" అని తేల్చి చెప్పింది. లైసెన్సు ఏప్రిల్ ముప్పై వరకు ఉంది. టీకొట్టు దగ్గరే వేళ్ళ మీద లెక్కపెట్టాను. డెబ్బై ఎనిమిది రోజులు.

ఆయన చెప్పిన ధర పదహారు లక్షలు. ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం. భూపాలపల్లిలో నా ప్లాటు జనవరిలోనే అమ్మాను. డబ్బు బ్యాంకులో ఉంది. ఇంటికి పోయి తమ్ముడికి చెప్పాను. తమ్ముడికి అరవై నాలుగు, జనగామలో లారీ మెకానిక్ షెడ్డు ఉంది.

"అక్కా, అది భూమికి జానెడు ఎత్తుల ఉంటది. ఎక్కుడైతే ఎక్కుతవ్. దిగుడెట్ల? నేను జాకీ పెట్టాల్నా?"

"జాకీ ఎందుకురా, పీట తెచ్చియ్యి."

నాలుగు రోజులు వాళ్ళింటి వాకిట్లో పీట మీద కూర్చుని లేచాను. రోజుకు ఇరవై సార్లు. మొదటి రోజు మూడుసార్లు గోడ పట్టుకున్నాను. నాలుగో రోజు ఒక్కసారి కూడా పట్టుకోలేదు. తమ్ముడు స్పానర్లు తుడుచుకుంటూ లెక్కపెట్టాడు.

పదిహేనో తేదీ, శనివారం, ఇద్దరం రైలెక్కి మహబూబాబాద్‌లో దిగాం. తమ్ముడు కారు కింద పడుకుని గంటసేపు చూశాడు. ఇంజను బాగుంది. తుప్పు లేదు. తలుపు దగ్గర లిమిటెడ్ ఎడిషన్ అని ఇత్తడిబిళ్ళ ఉంది.

"బిళ్ళ ఎవడైనా అతికిస్తడు," అన్నాను. "కాంటా పెడదాం."

మిర్చి వ్యాపారి నవ్వాడు. "కారును కాంటా పెడతరా అమ్మా? ఇదేమన్న మిర్చి బస్తానా?"

"నువ్వు కాంటా పెట్టకుండ మిర్చి కొంటవా?"

కారు పుస్తకం తెప్పించుకుని చదివాను. ట్యాంకు నిండా పెట్రోలు ఉన్నప్పుడు ఈ కారు బరువు 1,180 కిలోలు. మామూలు మోడల్ 1,240. అందుకని ముందు ట్యాంకు నిండా పెట్రోలు పోయించాను. ముందు డిక్కీ తెరిచి చూశాను. ఖాళీగా ఉంది, నల్లటి తివాచీ శుభ్రంగా పరిచి ఉంది. మూసేశాను. రైసుమిల్లు పక్కన లారీల కాంటా ఉంది. కారు దాని మీదికి ఎక్కింది. అందరినీ దిగమన్నాను.

ఎర్రటి అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. 1,240.

ఒక్క కిలో అటూ ఇటూ లేదు. మామూలు మోడల్ బరువే.

"ఇది లిమిటెడ్ కాదు నాయినా. మామూలు కారుకు బిళ్ళ కొట్టిన్రు."

ఆయన ముఖం కందిపోయింది. "అమ్మా, మా తాత కాలంకెల్లి తూకం మీద బతికెటోళ్ళం. ఇయ్యాలటి దాంక ఒక్కలతోని మాట పడలె."

"కాంటా చెప్పింది నేను చెప్పిన. నిన్నెవలో మోసం చేసి ఉంటరు."

"మోసపోయిన అనుడు ఇంకా ఎక్కువ తిట్టమ్మా," అని ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

చీటీ మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాను. రైలు కాజీపేట దాటింది. తమ్ముడు మెల్లగా, "అరవై కిలోలతోని ఏమైతది అక్కా? పక్కన సుట్టం కూసున్నా అంతే గద," అన్నాడు.

"సుట్టం ఊరొస్తే దిగుతడు. ఇది దిగది."

భూపాలపల్లి వచ్చేశాను. ఇంకో కారు చూడొచ్చు అనుకున్నాను. రెండు చూశాను కూడా. ఒకదానికి ఇంజను ముందుంది. ఇంకొకటి వెనక ఇంజనే కానీ చప్పుడులో పదును లేదు. క్యాలెండరు మీద రోజుకొక గీత కొడుతున్నాను. కాంటా తప్పు చెప్పలేదని నాకు తెలుసు. అయినా పొద్దున పాలకు పోయినప్పుడల్లా ఆ చప్పుడు వస్తుందేమోనని చెవి అటే పెట్టేదాన్ని. బొగ్గులారీలు తప్ప ఏమీ వచ్చేవి కావు.

మార్చి ఇరవై ఒకటి, శుక్రవారం, ఉదయం పది గంటల పది నిమిషాలకు ఫోను మోగింది. ఆడమనిషి గొంతు, నా వయసుదే.

"కాంటా అక్కవు నువ్వేనా?"

"మీరెవరు?"

"మానుకోటల, గదే మహబూబాబాద్‌ల, మిర్చి దుకాణం ఆయన లేడా, వాళ్ళ అమ్మను. నా కొడుకు ఎర్రకారును నువ్వు దొంగది అన్నవట గద."

"దొంగది అనలె. బరువు ఎక్కువున్నది అన్న."

"ఆ బరువు నాదే అక్కా," అంది.

నేను కుర్చీలో కూర్చున్నాను.

"పోయినేడు అన్నం తినుకుంట చెప్పిండు. అమ్మా, జోరు మీద పోతే కారు ముందట గాలికి లేస్తదే, ఇమానం లెక్క అని. నాకు ఆ రాత్రి నిద్ర రాలె. ఇమానం లెక్క లేస్తే వీడు ఏడ పడ్తడు? మా దుకాణంల ఇప్పుడన్నీ కరెంటు కాంటాలు. పాత తూకం రాళ్ళు మూల పడి ఉన్నయ్. హమాలీతోని మోపిచ్చి డిక్కిల తివాచీ కింద గుంత ఉంటే అండ్ల పెట్టిచ్చిన. బరువుంటే లేవది గద అని."

"ఎన్ని రాళ్ళు?"

"మూడు."

"ఇరవై కిలోలవా?"

"ఔ. ఇరవై కిలోలవే. సర్కారు ముద్ర ఉన్నయే."

మూడు ఇరవైలు అరవై. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని గట్టిగా నవ్వాను. అవతల ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"మరి కొడుకుకు ఎందుకు చెప్పలే?"

"చెప్తే తీసేస్తడు గదనే. ఇప్పుడు చెప్పకుంటే ఎవలు కొంటలేరు. ఊరంతా నకిలీ కారు అంటున్నరు. పొద్దుగాల చెప్పిన. గప్పటికెల్లి నాతోని మాట్లాడుతలేడు. నువ్వు కొనుకపో అక్కా, నీకు దండం పెడ్త. నీకైతే ఉరికిచ్చే వయసు కాదు."

సోమవారం వస్తానని, కారును కాంటా దగ్గరికి తెమ్మని చెప్పాను.

ఫోను పెట్టాక సిగ్గు వేసింది. గనుల దగ్గర లారీ డ్రైవర్లు ఖాళీ బండిని తూచేటప్పుడు సీటు కింద బండరాళ్ళు పెట్టేవాళ్ళు. ఖాళీ బరువు ఎక్కువ పడితే, తర్వాత ఆ రాళ్ళు పారేసి బొగ్గు నింపినప్పుడు బొగ్గు తక్కువ తేలుతుందని. ఎన్నోసార్లు పట్టుకున్నాను. కానీ తేలిక కారు అమ్మేవాడు దానిలో బరువెందుకు దాస్తాడని, డిక్కీ పైపైన చూసి వదిలేశాను. పైగా ఈ మోడల్‌కు స్టెప్నీ లేదని పుస్తకంలో చదివాను కదా. లేని స్టెప్నీకి గుంత మాత్రం ఉంటుందని తట్టలేదు.

ఇరవై నాలుగు, సోమవారం, మళ్ళీ అదే కాంటా. మళ్ళీ ట్యాంకు నింపించాను. తమ్ముడు తివాచీ ఎత్తి ఒక్కో రాయీ బయట పెట్టాడు. నల్లగా, గుండ్రంగా, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. వ్యాపారి తల్లి కొంగుతో వాటిని తుడిచింది. కొడుకు ఆమెను చూడకుండా కాంటానే చూస్తున్నాడు.

1,180.

నాకు తెలియకుండానే చప్పట్లు కొట్టాను. కొడుకు మూడు రోజుల తర్వాత తల్లితో మాట్లాడాడు. "నా పానం తీసినవ్ గదనే అమ్మా. ఏడాది సంది ఎందరు మెకానిక్కులను తిట్టిన్నో." ఆమె, "తిడితే తిట్టినవ్ గని బతికున్నవ్ గద," అంది. తర్వాత ఆయన నా వైపు తిరిగి, "మరి అరవై కిలోలు తగ్గింది. తరుగు తీస్తరా అమ్మా?" అన్నాడు.

"మిర్చి అయితే తీసేదాన్ని. ఇండ్ల తగ్గితేనే ధర," అని చెప్పి పదహారు లక్షలూ ఇచ్చాను. ఆయన మీద వేసిన మాటను కూడా వెనక్కి తీసుకుంటున్నానని కాంటా దగ్గర అందరూ వినేలా చెప్పాను.

ఒంటిగంటకు బయలుదేరాను, తమ్ముడు పక్కన. ఎక్కి కూర్చోవడానికి దేన్నీ పట్టుకోలేదు. తాళం తిప్పగానే ఆ చప్పుడు, ఈసారి నా వీపు వెనకనుంచి. ఊరు దాటాక గేరు మార్చి కాలు నొక్కాను. రోడ్డు పక్క మిర్చి ఆరబోసిన కల్లాలు ఎర్రటి గీతలాగ వెనక్కి పోయాయి. ముప్పై ఆరేళ్ళలో నేను నడిపిన ఏ బండీ నేను అనుకున్న క్షణంలోనే కదల్లేదు. ఇది నేను అనుకోవడం పూర్తికాకముందే కదిలింది.

"అక్కా, జర మెల్లగ. ఆమె చెప్పింది నిజమే, ముందట లేస్తున్నది."

"లేవనియ్. తొంభై దాటలే ఇంకా."

గూడూరు దగ్గర స్పీడుబ్రేకరు చూసుకోలేదు. కింద బర్రుమంది. బంపరు కింది అంచు కొంత ఊడి రోడ్డు మీద పడింది. తమ్ముడు దిగి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నర్సంపేట మీదుగా భూపాలపల్లి చేరేసరికి నాలుగు కూడా కాలేదు. కాంటా దగ్గర పాత ఉద్యోగులు బయటికొచ్చి చూశారు. ఒకాయన, "అక్కా, కాంటా మీదికి తే," అన్నాడు. తెచ్చాను. తమ్ముడినీ, ఊడిన ముక్కనూ దింపాను. చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

తర్వాత ఒక్కరోజు కూడా మానలేదు. పొద్దున ఆరున్నరకు మొదలు, సాయంత్రం వెలుగు తగ్గకముందే ఆపేదాన్ని. భూపాలపల్లి నుంచి జనగామకు తొమ్మిదిసార్లు పోయాను. నర్మెట్ట రోడ్డులో తిన్నగా సాగే చోటొకటి ఉంది. అక్కడ పొద్దున పూట నూట ముప్పై చూశాను. ఒక్కసారే. తమ్ముడికి నూట పది అని చెప్పాను. మహబూబాబాద్ పోయి వ్యాపారి తల్లిని ఎక్కించుకుని బయ్యారం దాకా తిప్పాను. సీటు బెల్టు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. వచ్చేటప్పుడు, "ఇంకొంచెం జోరుగ పోరాదు," అంది.

ఏప్రిల్ ముప్పై, బుధవారం, సాయంత్రం అయిదు గంటల నలభై నిమిషాలకు జనగామలో తమ్ముడి షెడ్డులోకి కారు పెట్టి తాళంచెవి అతని చేతికిచ్చాను. ఇప్పుడు అతను నడుపుతాడు, నేను పక్క సీట్లో కూర్చుని టైము చూస్తాను. తొంభై దాటడు.

పోయినవి ఇవి. భూపాలపల్లిలో ప్లాటు, రెండు వందల గజాలు. బంపరు కింది అంచు, ఎడమవైపు జానెడు. ఎక్కుతూ దిగుతూ తెగిన చెప్పులు రెండు జతలు. లైసెన్సు ఒకటి. ఫిబ్రవరి పదిహేను నుంచి మార్చి ఇరవై మూడు వరకు, డిక్కీలో తివాచీ ఎత్తి చూడనందుకు, ముప్పై ఏడు రోజులు.