పావంగుళం మాస్టారి పరుగు

ఇదివరకు పొద్దున్నే ఐదున్నరకు ఆ ఇంట్లో అందరికన్నా ముందు లేచేది కుట్టుమిషను. దాని టకటకకే మిగతావాళ్లు లేచేవారు. ఇప్పుడు అది ఏడింటిదాకా ముసుగు తీయడం లేదు. ఐదున్నరకు వినిపించేది ఒక జత బూట్ల చప్పుడు. యాభై ఎనిమిదేళ్ల టైలరు మాస్టారు పరుగు నేర్చుకుంటున్నారు, అదీ తన పద్ధతిలో.

ఆయన పద్ధతి ఒక్కటే. ఏ పనినీ ఒక్కసారిగా చేయరు. పొట్ట పెరిగిన పెద్దమనిషి వచ్చి ప్యాంటు నడుము వదులు చేయమంటే పావంగుళం వదిలి, "వేసుకు చూడండి" అంటారు. మళ్లీ వస్తే ఇంకో పావంగుళం. అంగుళం పనికి నాలుగు ట్రయళ్లు తిరిగిన కస్టమర్లు ఆయనకు పావంగుళం మాస్టారని పేరు పెట్టి కసి తీర్చుకున్నారు. టీలో చక్కెర మానేయమని డాక్టరు చెబితే, పూటకు నాలుగు పలుకులు తగ్గిస్తూ మానడానికి రెండేళ్లు పట్టింది.

"ఒక్కసారిగా మానేస్తే నాలిక బెదిరిపోతుంది" అన్నారు.

"మీ నాలిక సంగతి సరే, పలుకులు లెక్కపెట్టి నా కళ్లు పోయాయి" అంది ఆయన భార్య.

ఊళ్లో ఐదు కిలోమీటర్ల పరుగుపందెం ఉందని విని బూట్లు కొన్నారు. మొదటి వారం వాటిని తొడుక్కుని మిషను ముందు కూర్చున్నారు. రెండో వారం నిలబడ్డారు. మూడో వారం వంటింటిదాకా వెళ్లొచ్చారు.

"వీధిలోకి ఎప్పుడండీ?"

"తొందరేముందే? ముందు ఇల్లు అలవాటవ్వాలి కదా వాటికి."

ఆ ఇంటి వెనక వాటాలో మాస్టారి తమ్ముడి భార్య ఉండేది. తమ్ముడు పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ ఆమె ఇల్లు కదల్లేదు. చుట్టాలు వచ్చి, "ఇలా కూర్చుంటే ఎలా, బయటికి రావాలి, నలుగురిలో తిరగాలి" అని చెప్పి వెళ్లేవారు. ఆమె తల ఊపి, వాళ్లు వెళ్లగానే తలుపు వేసుకునేది. బయట ఎవరు ఎదురైనా ఎలా ఉన్నావనే అడుగుతారు. దానికి ఆమె దగ్గర జవాబు లేదు. రోజులు గడిచేకొద్దీ, ఇక ఎప్పటికీ బయటికి వెళ్లలేనేమోనని ఆమెకే భయం పట్టుకుంది.

మాస్టారు మాత్రం ఏమీ అనలేదు. ఒకరోజు స్టాప్‌వాచీ తెచ్చి మరదలి చేతిలో పెట్టారు.

"అమ్మాయ్, ముందుగది కిటికీలోంచి చూసి, నేను బయల్దేరగానే ఇది నొక్కు. తిరిగొచ్చాక మళ్లీ నొక్కు."

"మీరే చూసుకోవచ్చు కదా బావగారూ."

"కుట్టినవాడే ట్రయల్ వేసుకుని చూసుకోకూడదమ్మా."

"అక్క ఉందిగా?"

"నేను పరిగెడుతుంటే మీ అక్క నవ్వుతుంది. నవ్వేవాళ్ల చేతిలో వాచీ అదురుతుంది."

ఇంటి ముందు బయలుదేరి, చెరువుగట్టు మీదుగా చుట్టి మళ్లీ ఇంటి ముందుకు వస్తే సరిగ్గా ఐదు కిలోమీటర్లు. మొదటి రోజు యాభై నిమిషాల ఇరవై సెకన్లు పట్టింది. మాస్టారు ఎగశ్వాసతో వచ్చి, టైము విని తెగ సంతోషించారు.

"చాలా వదులుగా ఉంది. లోపలికి పట్టడానికి బోలెడంత గుడ్డ మిగిలింది."

ఆ రోజే లెక్క వేసుకున్నారు. ఒకరోజు పరుగు, ఒకరోజు నడక, ఒకరోజు కాళ్లకు సెలవు. వారానికి పాతిక సెకన్లు తగ్గాలి. తక్కువ తగ్గితే ఫరవాలేదు కానీ ఎక్కువ తగ్గకూడదు.

రెండో వారం, కిటికీ దగ్గర వెలుతురు చాలడం లేదని మరదలిని గుమ్మంలోకి రమ్మన్నారు. మూడో వారం, గుమ్మం మీద నీడ పడుతోందని గేటు దగ్గరికి. నాలుగో వారం, గేటు ముందు నేల ఏటవాలుగా ఉంది కాబట్టి ముగింపు గీత పాతిక మీటర్లు అవతల ఉండాలని తేల్చారు. తరువాత ప్రతివారం ఆ గీతకు ఏదో ఒక లోపం కనిపించేది. రోడ్డు మీద మోకాళ్లు వేసి, మెడలోని టేపుతో పాతిక మీటర్లు కొలిచి, టైలరు సుద్దతో కొత్త గీత గీసేవారు.

"ఏం మాస్టారూ, రోడ్డుకి చొక్కా కుడుతున్నారా?" అని పాలాయన అడిగాడు.

"కొలతలే ఇంకా అవలేదయ్యా."

మరదలు ఇంటి ముందు వాచీ నొక్కి, ఆయన చుట్టి వచ్చేలోగా మెల్లిగా గీతదాకా నడిచి నిలబడేది. మందుల షాపావిడ పలకరించబోతే, "ఒక్క నిమిషం ఆగండి, బావగారొచ్చే టైమైంది" అని వాచీలోకి చూసేది. ఎలా ఉన్నావని అడగబోయినావిడ, "ఎంతకి తగ్గారు?" అని అడగడం మొదలుపెట్టింది. దీనికైతే ఆమె దగ్గర జవాబు ఉంది, సెకన్లతో సహా.

పద్నాలుగో వారం మాస్టారిని కుక్క తరిమింది. నలభై సెకన్లు ముందే వచ్చేశారు. వచ్చి, గీతకు అడుగు దూరంలో టక్కున ఆగిపోయారు.

"గీత దాటండి బావగారూ."

"ఇంకా నలభై సెకన్లుందమ్మా. దాటితే ఈ వారం కోటా మించిపోతుంది."

"కుక్కో?"

వెనక్కి తిరిగి చూశారు. కుక్క కూడా ఆగి, ఈయన ఎందుకు ఆగాడో తెలియక రోడ్డు మీద కూలబడింది. మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భర్త పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. మాస్టారు అది చూడనట్టు, "వాచీ జాగ్రత్త, అదురుతోంది" అన్నారు.

ఇరవై రెండు వారాలకు టైము నలభై ఒక్క నిమిషాల పది సెకన్లకు దిగింది. పందెం రోజున, పందెంవాళ్ల గడియారాన్ని నమ్మలేనని మరదలిని కూడా బయలుదేరదీశారు. ఆమె అక్కతో కలిసి బస్సెక్కి, మైదానంలో అంత జనం మధ్య నిలబడింది. మాస్టారు గీత దాటగానే వాచీ నొక్కింది. ముప్పై ఏడు నిమిషాల ఇరవై సెకన్లు. అక్కడి గడియారంలోనూ అంతే.

మాస్టారు సంతోషించాల్సింది పోయి గడ్డిలో కూలబడి తల పట్టుకున్నారు.

"ఒక్కసారిగా మూడు నిమిషాల యాభై సెకన్లా? ఎక్కడో కొలత తప్పింది."

మరదలు వేళ్ల మీద లెక్క వేసుకుంది. చుట్టి వచ్చి ఇంటి ముందుకు చేరితేనే ఐదు కిలోమీటర్లు. గీత ఇప్పుడు ఇంటికి దాదాపు అర కిలోమీటరు అవతల ఉంది.

"కొలత తప్పలేదు బావగారూ. ఇన్నాళ్లూ మీరు పరిగెత్తింది ఐదున్నర."

"అవునా?"

"పావంగుళం తేడా పట్టేసే మీకు అర కిలోమీటరు తెలియలేదా?"

మాస్టారు బూట్ల తాళ్లు విప్పుకోవడంలో మునిగిపోయారు.

"గీత ఎందుకు జరిపారు?"

"నేల ఏటవాలని చెప్పానుగా."

"నేల చక్కగానే ఉంది, ఈయనే ఏటవాలు" అంది భార్య. "బూట్లు కొన్న రోజు నాతో ఏమన్నారో చెప్పనా? అమ్మాయిని ఒక్కసారిగా బయటికి రమ్మంటే బెదిరిపోతుందే, అన్నారు."

మరదలు వచ్చి ఆయన ఎదురుగా గడ్డిలో కూర్చుంది. ఆయన తల ఎత్తలేదు.

"అంటే ఇరవై రెండు ట్రయళ్లు వేశారన్నమాట నాకు" అంది.

"తక్కువే అమ్మాయ్. లాయరుగారి కోటుకి ముప్పై పట్టాయి."

మర్నాడు పొద్దున్నే మాస్టారి కాళ్లు పట్టేశాయి. మంచం మీద నుంచి ఒక కాలు దింపి, రెండోది మధ్యాహ్నం దింపుతానన్నారు. మరదలు పెరట్లో బకెట్టెడు బట్టలు నానబెట్టి, మొదటి దుప్పటికి సబ్బు రాయబోతూ ఆగింది. ఐదున్నరయింది. సబ్బు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, చెప్పులు వేసుకుంది.

"ఇవాళ పరుగు లేదుగా, ఎక్కడికే?" అని తోడికోడలు లోపల నుంచి అడిగింది.

"ఊరికే అక్కా. చెరువుగట్టుదాకా వెళ్లొస్తాను."

"మరి బట్టలు?"

"నాననీ అక్కా" అని ఆమె గేటు తీసుకుని వెళ్లిపోయింది.