ఆ ఆదివారం కరెంటు పోలేదు

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. దాని బరువు నాకు తెలుసు. దానివల్ల ఎవరు ఏం పోగొట్టుకున్నారో కూడా తెలుసు. అందుకే నసగకుండా మీకు చెబుతాను.

అప్పట్లో ఇంటర్నెట్‌లో ఒక ఆట ఆడేవాళ్లం. కోటలు, కత్తులు, మంత్రాలు ఉన్న లోకం. ఎక్కడెక్కడివాళ్లో ఒకేసారి ఆడతారు. చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం వాళ్లం కలిసి ఒక జట్టు కట్టాం. నేను లీడర్ని. చింతామణిలో మా వీధివాడే గంగాధర, జట్టుకు వైద్యుడు. చచ్చి పడినవాళ్లను మంత్రంతో లేపడం అతని పని. బయట నోరు విప్పని మనిషి, ఆడుతూ మాట్లాడుకునే మైకు పెట్టుకుంటే మారిపోయేవాడు. "చచ్చింది చాలు, లేప్పా, ఉప్పిట్టు చల్లారతాండాది" అంటూ, ఇంట్లో ఉప్మాకు పిలిచినట్టు లేపేవాడు. అతని మాటలు వినడానికే కొందరు ఆటకు వచ్చేవాళ్లు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా కోట మీదికి శత్రువులు వచ్చారు. వాకిలి కాయాల్సింది నేను. ఆ యుద్ధంలో చస్తే చేతిలో ఆయుధం పోతుంది. నా కత్తి నెలలపాటు ఆడి సంపాదించుకున్నది. కంప్యూటర్ ఆపేస్తే నా వీరుడు మాయమవుతాడు, కత్తి దక్కుతుంది. ఆపేశాను. కోట పోయింది.

సాయంత్రం అందరం మైకుల్లోకి వచ్చాం.

"యాడికి పోతివప్పా లీడరూ, వాకిలి ఇడ్సిపెట్టి?" అన్నాడు బాగేపల్లి రెడ్డప్ప.

"కరెంటు పాయెనప్పా." మా ఊళ్లో ఎవరైనా నమ్మే మాట అది.

గంగాధర ఆశ్చర్యపోయాడు. "పోలేదే! మా ఇంట్లో ఫ్యాను తిరుగుతానే ఉండె. మన రెండిండ్లకూ ఒకే లైను గదప్పా?"

నన్ను పట్టివ్వాలని అనలేదు. అది నాకు ఆ క్షణమే తెలుసు. అయినా అన్నాను: "కరెంటు ఉండీ ఒక్కర్ని గూడా లేపలేదంటే, నువ్వు ఎవురికి అమ్ముడుపోతివి?"

వాకిలి ఖాళీ అయితే శత్రువులు ముందు చంపేది వైద్యుణ్నే. అతను ఎవరినీ లేపలేకపోయింది నావల్ల.

"నేనాప్పా?" అన్నాడు గంగాధర. జట్టులోంచి తీసేసే బటన్ లీడర్ దగ్గరే ఉంటుంది. నొక్కాను.

కత్తి మీది ఆశతోనే ఇదంతా చేశానా? కాదు. ఆశతో కంప్యూటర్ ఆపాను, అంతే. పిరికివాణ్నని నలుగురికీ తెలుస్తుందేమోనన్న భయంతో, నవ్వించడం తప్ప ఎవరికీ ఏమీ చేయని మనిషిని ద్రోహిని చేసి, తర్వాత రోజూ అదే వీధిలో అతని ఇంటి ముందు నుంచే నడిచాను. అతను మళ్లీ ఏ జట్టులోనూ చేరలేదు. పెళ్లిళ్లలో కనిపిస్తే ఒంటరిగా ఒక పక్కన కూర్చుని ఉంటాడు. మైకులో విన్న ఆ గొంతు నేను మళ్లీ వినలేదు.

నిన్న పాతవాళ్లందరికీ జరిగింది జరిగినట్టు రాసి పంపాను. గంగాధర ఇంటికి వెళ్లి ముఖాముఖి చెప్పాను. చివరిదాకా విని తలుపు వేసుకున్నాడు.

వేసుకోనీ. క్షమించమని అడగడానికి నేను వెళ్లలేదు. కోట ఎవరివల్ల పోయిందని అడిగితే ఇకమీదట అందరూ నా పేరే చెబుతారు. అది వినడం, దాచడం కంటే తేలిగ్గా ఉంది.