క్రోటన్ కుండీలో పిడికెడు మట్టి

మా కాలేజీ లైబ్రరీలో నెట్ సరిగ్గా అందే చోటు ఒక్కటే: కిటికీ పక్కన, క్రోటన్ కుండీ ముందున్న కుర్చీ. బళ్లారికంతా నెట్ ఆ కుర్చీ కిందనుంచే పారుతుందనీ, కురుగోడు చివరి పొలాలకు కాలువ నీళ్ళలాగా ఊళ్ళోకి చేరేసరికి తడి మాత్రమే మిగులుతుందనీ నా అనుమానం. పాఠాలు చెప్పేది లేనప్పుడు పేపరు అడ్డం పెట్టుకుని నేను నిద్రపోయేది ఆ పక్క కుర్చీలోనే.

లైబ్రేరియన్ మేడం రోజూ సత్యనారాయణపేట నుంచి మోసుకొచ్చే క్యారియర్‌తో ఒక చిన్న పెళ్ళి జరిపించవచ్చు. బయటి దేశాల పిల్లలకు పుస్తకం కంటే ముందు బొరుగుల ఉగ్గాని పెట్టేది. వాళ్ళకు అద్దె గది, సిమ్ కార్డు, జ్వరం మాత్ర, అన్నీ ఆమే. కన్నడ నేర్పుతున్నానంటూ తెలుగు నేర్పేది. బజారులో ఎవరూ తేడా పట్టించుకోలేదు. ఒక్క విషయంలో మాత్రం మిలిటరీ. గడప దాటేవాళ్ళు ఎవరైనా "పోయొస్తా" అని చెప్పి తీరాలి. చెప్పకపోతే వెనక్కి పిలిచి చెప్పించేది. ప్రిన్సిపాల్ చేత కూడా చెప్పించింది.

ఆ ఎండాకాలం టాంజానియా పిల్లవాడి తండ్రి పోయాడు. విమానం దొరికి ఇతను చేరేలోగా అక్కడ మట్టి చేయడం అయిపోతుంది. ఫోన్‌లో చూపిస్తానన్నాడు వాళ్ళన్న. వాళ్ళకు మధ్యాహ్నం, మాకు సాయంత్రం ఆరు. మా వాచ్‌మన్ ఐదున్నరకే మెయిన్ స్విచ్ తీసేస్తాడు. దాంతోపాటు నెట్టూ పోతుంది.

ఆ రోజూ తన టైముకే వచ్చాడు వాచ్‌మన్, ఎద్దులబండి కట్టి మోయాల్సినంత తాళాల గుత్తితో.

"టైమాయె మేడం. ఆపాల."

"స్వల్ప ఆగప్పా. ఈడ మట్టి జరగతాది."

"యాడ?"

"ఈడే. ఫోన్లో."

వాచ్‌మన్ నా వైపు చూశాడు. నేను తల ఊపాను. అతను బయటికి పోయి చెప్పులు విడిచి, టోపీ తీసి, వచ్చి మా వెనక నిలబడ్డాడు.

ఆరింటికి అరచేతంత తెర మీదికి నలుగురం వంగాం. పాట వినిపించింది. ఎర్రమట్టి గుంట. తాళ్ళతో పెట్టెను దించుతున్నారు. సగంలో బొమ్మ నిలిచిపోయి, మధ్యలో చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. హంపీ కట్టకముందే బిగించినట్టున్న పంకా పైన కిర్రుమంటూ ఉంది. ఆ రెండూ తిరుగుతుంటే చూస్తూ నిలబడ్డాం. బొమ్మ కదిలేసరికి గుంట పూడిపోయింది. జనం చేతులు దులుపుకుంటున్నారు.

పిల్లవాడు ఏడవలేదు. మేము ఓదార్చలేదు.

మేడం క్రోటన్ కుండీలోంచి గుప్పెడు మట్టి తీసి అతని చేతిలో పెట్టింది.

"ఎయ్యప్పా."

"యాడ మేడం?"

ఆమె ఫోన్ వైపు చూసింది, నేల వైపు చూసింది. "ఈడే," అంటూ కుండీ చూపించింది.

తీసిన చోటే వేశాడు. తరువాత ఆమె, వాచ్‌మన్, నేను. తీసి మళ్ళీ అందులోనే వేశాం. కుండీ ముందెలా ఉందో అలాగే ఉంది.

"మట్టికి పొయ్యొచ్చినోళ్ళం. కాళ్ళు కడుక్కోవాల," అని బయట కుళాయి దగ్గరికి నడిపించింది. ఎండకు కాగిన ట్యాంకు నీళ్ళు. బియ్యం పోస్తే అన్నమయ్యేవి. నా కాళ్ళకు వేడి తెలియలేదు.

చావుకు వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు మాలో చెప్పిపోరు. వాచ్‌మన్ చెప్పకుండా పోయాడు. నేనూ కదిలాను. పిల్లవాడు మాత్రం తడికాళ్ళతో, భుజాన బ్యాగుతో, ఆమె ఎదుట నిలబడ్డాడు.

"పోయొస్తా మే..."

"ఈ పొద్దు అనగూడదప్పా. ఊరికే పో."

తల ఊపి హాస్టల్ వైపు నడిచాడు.

మరునాడు వచ్చి కుండీ ముందున్న అదే కుర్చీలో కూర్చున్నాడు. ఉగ్గాని పెడితే తిన్నాడు. సాయంత్రం పుస్తకాలు సర్దుకుని, ఏమీ అనకుండా గడప దాటాడు. ఆమె వెనక్కి పిలవలేదు.