లీగు పేరు చెరిపేసిన పీడీ సారు

పీడీ సారు పోయారన్న కబురు నాకు ఔటర్ రింగు రోడ్డు మీద, ట్రాఫిక్‌లో ఆగిపోయిన కాలేజీ బస్సులో తెలిసింది. మా అమ్మాయిల కబడ్డీ జట్టును నగరానికి ఆ చివరనున్న కాలేజీకి మ్యాచ్ కోసం తీసుకెళ్తున్నాను. బయల్దేరి రెండున్నర గంటలైంది. ముందు సీటులో ఒక పిల్ల వాంతి చేసుకుంటోంది. అప్పుడు రావిర్యాల కాలేజీలో ఆటలు నేర్పే తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, సార్ పోయిండు. పొద్దుగాల గ్రౌండ్ కాడ్నే కూలబడ్డడట. దవాఖానకు తీస్కపోయేలోపే..."

నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "బస్సుల కూసున్న పిల్ల ఆడుతదా మేడం?" అని ఆయన నాతో ఎన్నిసార్లు పోట్లాడారో లెక్కలేదు. ఆ మాటే నిజమని నా కళ్లముందు రుజువవుతున్న రోజునే వెళ్లిపోవాలా?

ఆయన శంషాబాద్‌లో ఒక చిన్న డిగ్రీ కాలేజీకి ఫిజికల్ డైరెక్టరు. అందరికీ పీడీ సారు. నేను ఆయన దగ్గరే కబడ్డీ నేర్చుకుని, తర్వాత గగన్‌పహాడ్ దగ్గర మరో కాలేజీలో పీడీగా చేరాను. ఉద్యోగం వచ్చిన రోజు నుంచి నన్ను మేడం అనడం మొదలుపెట్టారు. నువ్వు అనడం మాత్రం మానలేదు.

ఆయనతో వేగడం అంత తేలిక కాదు. టేపు చేతికిస్తే పక్కన పడేసి, కోర్టును అడుగులతో కొలిచేవారు. తర్వాత నేను టేపు పెట్టి చూస్తే సరిగ్గానే ఉండేది. అది ఇంకా ఒళ్లుమంట. ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలో పెళ్లిపత్రికల వెనక రాసుకునేవారు. దాని ఫోటో పంపండి సార్ అంటే నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ వచ్చేది. అందులో మూడు నిమిషాలు మంఖాల్‌లో వాళ్ల టమాటా తోట సంగతే.

ఇరవై ఏళ్లు ఒక లీగు నడిపారు. దాని పేరు 'శంషాబాద్ చుట్టుపక్కల కాలేజీల క్రీడా లీగు'. ఫ్లెక్సీ మీద ఏనాడూ సరిగ్గా పట్టలేదు. పేరు చిన్నది చేద్దామంటే, "చుట్టుపక్కలోళ్లను తీసెయ్యమంటవా?" అనేవారు. గంట ప్రయాణానికి మించి ఏ జట్టూ తిరగకూడదు, మ్యాచ్‌లన్నీ పొద్దున్నే అయిపోవాలి, ప్రతి కాలేజీ వంతులవారీగా మైదానం ఇవ్వాలి. ఆయన నియమాలు అంతే.

తర్వాత నగరంలోని పెద్ద కాలేజీలు కొన్ని కలిసి కొత్త లీగు పెట్టాయి. రంగురంగుల జెర్సీలు, మ్యాట్లు, స్పాన్సర్లు, ఫోన్లో ప్రత్యక్ష ప్రసారం. మా వైపు జనం కూడా చూడాలంటే మా వైపు జట్లు కావాలి కదా. అందుకని మా లీగులోని బలమైన కాలేజీలను ఒక్కొక్కటిగా లాక్కున్నారు. ఒకటి వెళ్తే పక్కదానికి భయం, వెనకబడిపోతామేమోనని. మా యాజమాన్యానికైతే అడ్మిషన్ల కరపత్రం మీద ఆ లీగు గుర్తు వేసుకుంటే చాలు.

నేను సారు దగ్గరికి పరుగెత్తాను. మనమూ ప్రసారం పెడదాం, స్పాన్సర్‌ని తెద్దాం, ఉన్న కాలేజీలతో ముందే సంతకాలు చేయిద్దాం అన్నాను.

"సంతకం పెట్టించుకొని ఆపుతమా మేడం? పొయ్యేటోళ్లను పోనీ."

"అందరు పోతే మీకేం మిగుల్తది సార్?"

"మిగిలినోళ్లు."

మీరే చెప్పండి, ఇలాంటి మనిషితో ఎలా మాట్లాడాలి? ఆ విసురులోనే మా ప్రిన్సిపాల్‌కి కొత్త లీగులో చేరదామని నేనే రాసిచ్చాను. ఒప్పందం ఉన్నన్నాళ్లు ఇంకే లీగులోనూ ఆడకూడదన్నది షరతు. ఏడాది పాటు సారుకి ఫోన్ చేయలేదు.

ఆ ఏడాదిలో మా జట్టు ఆడింది ఆరు మ్యాచ్‌లు. అన్నీ దూరమే. మంచి ఆటగత్తెలు ఏడుగురు ఆడితే, మిగతా పన్నెండు మందీ బ్యాగులు కాపలా కాశారు. మంఖాల్ నుంచి వచ్చే అమ్మాయి, నా దగ్గరున్న వాళ్లలో అందరికన్నా చురుకైన రైడర్, ఒకరోజు బూట్లు తెచ్చి నా బల్ల కింద పెట్టేసింది. "మా బాపు అంత దూరం పోవద్దన్నడు మేడం" అంది.

ఆ సంగతి మంఖాల్‌లో తోటకెళ్లినప్పుడు విన్నారేమో, వారం తిరక్కుండా సారు మా కాలేజీకి వచ్చారు. పలకరింపు లేదు, నిష్ఠూరం లేదు.

"నీ ఒప్పందం కాగితం సూపియ్యి."

వేలు పెట్టి చివరిదాకా చదివారు. "ఇంకో లీగుల ఆడొద్దు. గంతేనా?"

"గంతే సార్."

"ఇగ నాది లీగ్ కాదు."

నాకు అర్థం కాలేదు. పేరు తీసేస్తానన్నారు. కప్పు ఉండదు, పాయింట్ల పట్టిక ఉండదు. శనివారం పొద్దున దోస్తీ మ్యాచ్‌లు, అంతే.

"దోస్తీ మ్యాచ్‌లకు ఏ కాగితం అడ్డమొస్తది మేడం?"

"ఇరవై ఏండ్ల పేరు సార్ అది!" అని అరిచాను.

"ఫ్లెక్సీ మీద పడుతలేదని నువ్వే అంటివి గద."

ఆ శనివారం మంఖాల్ అమ్మాయి మళ్లీ బూట్లు వేసుకుంది. కొత్త లీగు నుంచి ఒకాయన తనిఖీకి వచ్చి కప్పు కోసం, బ్యానర్ కోసం వెతికాడు. ఏమీ దొరక్క, సారు పెట్టించిన ఉప్మా తిని వెళ్లాడు. నెమ్మదిగా మాలాగే సారును వదిలిపోయిన కాలేజీలన్నీ శనివారాలు తిరిగొచ్చాయి. నేను ఆయనకు క్షమాపణ చెప్పాలనుకున్న ప్రతిసారీ ఆయన టమాటా ధర ఎత్తుకున్నారు.

దినం అయ్యాక ఆయన మైదానంలోనే ఒక మ్యాచ్ పెట్టాం. కొత్త లీగువాళ్లూ వచ్చారు. సారు పేరు మీద స్మారక కప్పు తామే పెడతామన్నారు. కుదరదు, మేమే పెడతామని మావాళ్లు. కప్పే వద్దన్న మనిషికి రెండు కప్పుల కోసం అరగంట వాదన! జట్లు ఎండలో నిలబడి చూస్తున్నాయి.

"జర ఆపుతరా! పిల్లలు ఆడాలె" అని నేనే అరిచి విజిల్ ఊదాను. కప్పు సంగతి ఇవాళ్టికీ తేలలేదు.

రెండో సగంలో ఉన్నట్టుండి మబ్బు పట్టి వాన దంచింది. ఎవరూ కోర్టు వదల్లేదు. సున్నపు గీతలు కరిగి ఎర్రమట్టిలో తెల్లగా పారాయి. ఆ నెలలోనే జట్టులో చేరిన అమ్మాయి రైడుకు బయల్దేరి, మధ్యలో ఆగి, "మేడం, నడుమ గీత యాడుంది?" అని కేకేసింది. నేను నోరు తెరిచేలోపే రెండు జట్ల కెప్టెన్లూ వానలో చేతులు చాపి, బురదలో ఒకే చోటు చూపించారు.