పట్టపగలు కట్టిన రాణి వేషం

మా ఊరి భాగోతంలో మనుషులు ఆరుగురు, వేషాలు తొమ్మిది. ముగ్గురు ఒక్కొక్క వేషం కట్టేవాళ్ళు, మిగతా ముగ్గురు రెండేసి. మంత్రే రాక్షసుడు, చెలికత్తే రాక్షసుడి చెల్లెలు. బట్టలు మార్చే వ్యవధి ఉండేది కాదు కాబట్టి జుట్టు మార్చేవాళ్ళు. రాజుకు కిరీటం కింద భుజాల దాకా మేకవెంట్రుకలు. చెలికత్తెకు జనుప నారకు మసి పట్టించి అల్లిన జడ. ఆ జడనే విప్పి చెదరగొడితే రాక్షసి. దివిటీల వెలుగులో అదంతా నిజం జుట్టులాగే కనబడేది.

రాణికి మాత్రం నార అక్కరలేదు. రాణి వేషం మా అన్నది. పదిహేడేళ్ళవాడు, సన్నగా ఉండేవాడు, గొంతు ఇంకా బరువెక్కలేదు. మగవాళ్ళు జుట్టు పెంచి ముడి వేసుకునే రోజులు. అన్న జుట్టు విప్పితే నడుము దిగేది. నా జడకంటే నాలుగు వేళ్ళు పొడుగు, నేనే కొలిచాను. వేషం రోజున అమ్మ ఆ జుట్టుకు ఆముదం రాసి ఎడమ చెవి వెనక కొప్పు పెట్టేది. అమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. నాన్నను బాపు అనేవాళ్ళం, ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు.

సర్కారు మారి, మిలిటరీ వచ్చి, ఊళ్ళ మీద పోలీసు క్యాంపులు పడ్డ కాలంలో అన్న తుపాకులు పట్టి పోరు చేసే సంఘంలో కలిసిపోయాడు. మానుకోట వైపు అడవుల్లో ఉన్నాడని ఒకరు, టేకుమట్ల అవతల చూశామని ఒకరు అనేవాళ్ళు. మాకు నిజంగా తెలిసింది ఒక్కటే, జుట్టు కత్తిరించి క్రాపు చేసుకున్నాడని. అడవిలో ముళ్ళకంపలకు పొడుగు జుట్టు పనికిరాదు. కానీ ఊరివాడి తల మీద క్రాపు కనిపిస్తే సంఘపోడని పట్టుకుపోయే రోజులవి. అడిగినవాళ్ళకు, అన్న బచ్చన్నపేటలో చిన్నాయన ఇంట్లో పత్తి పనికి పోయాడని చెప్పుకొస్తున్నాం. అట్లా ఐదు నెలలు గడిచాయి.

ఫాల్గుణ శుద్ధ అష్టమి నాడు క్యాంపు నడిపే పోలీసు అమీను మా మేనమామను పిలిపించాడు. మేళానికి పెద్ద మామే, రాజు వేషం ఆయనదే. అమీను అంతకు ముందేడు లింగాల ఘనపూర్‌లో మా ఆట చూశాడట. దశమి నాడు క్యాంపు ముందర ఆడాలన్నాడు. చీకటి పడితే ఎవరూ బయటికి రావద్దని హుకుం ఉన్నందున ఆట పగలే. అన్నిటికంటే చివర ఇంకొక మాట అన్నాడు.

మామ ఇంటికి వచ్చి ఆ మాట అవ్వకు చెప్పాడు. "రాణి వేషం అప్పటి పోరడే కట్టాలెనట. రాకుంటే వాడు యాడున్నడో మన నోటితోనే చెప్పిపిస్తనన్నడు."

"రెండు దినాలల్ల వాడు యాడికెళ్ళి వస్తడు? వచ్చినా ఆ తలకాయతోని ఎట్ల నిలబడ్తడు?" అంది అవ్వ.

మామ తల తిప్పి నా వైపు చూశాడు. ఆ చూపు అవ్వకు అర్థమైంది. "వద్దన్నా. ఆడివిల్ల. దొరికితే ఇద్దరు పోతరు."

"జుట్టు అసలుది. పాటలన్ని వచ్చు. ఎత్తు గూడ వానంతనే. ఇంకేమున్నది చెల్లె మనకు?"

పద్నాలుగేళ్ళ నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా ఒప్పుకునేదాన్ని.

ఊరందరికీ తెలియక తప్పలేదు. పిల్లల్ని ముందు వరుసలో కూర్చోనివ్వలేదు, ఎవరైనా "అక్కా" అని పిలుస్తారని. నన్ను గుర్తుపట్టి చెప్పగల పటేలు ఆ రోజు పని మీద జనగామకు వెళ్ళాడు. మాకు కలిసొచ్చింది అదొక్కటే.

నన్ను తయారుచేసింది అవ్వ, మంగలి తాత. మేళంలో హాస్యగాడి వేషం తాతదే, అందరి జుట్లు చూసేదీ ఆయనే. నా ముక్కుపుల్ల తీయించి, ఆ రంధ్రం కనబడకుండా మైనంతో ముక్కెర అంటించాడు. అన్న ముక్కుకు రంధ్రం లేదు. ముఖానికి అర్దళం అనే పచ్చపొడి నూనెలో కలిపి మందంగా పట్టించాడు. కొప్పు మూడుసార్లు విప్పి మూడుసార్లు పెట్టారు. మొదటిది ఆడపిల్ల కొప్పులా ఉందన్నాడు తాత. "వాడు పెట్టుకుంటే జర గట్టిగ, పైకి ఉంటుండె. వాడు ఆడోళ్ళ కన్న ఎక్కువ ఆడదయ్యెటోడు. నువ్వు అంతకన్న ఎక్కువ కావాలె బిడ్డా." నాకు నవ్వు రాలేదు.

ఎండలో మా వేషాలన్నీ బయటపడ్డాయి. చెలికత్తె రాగానే జవాన్లు "తాడు, తాడు" అని అరిచారు. జనుప జడ ఎండకు గోధుమరంగు తిరిగింది. మేకవెంట్రుకల కింద మామ మెడ చెమటకు నల్లగా కారుతోంది. నేను తెర వెనక నిలబడ్డాను. ఇద్దరు తెర పట్టుకున్నారు, మద్దెల మొదలైంది. అప్పుడు తాత నా చేతుల వైపు చూసి ఆగిపోయాడు.

నా కుడి ముంజేతి మీద పచ్చబొట్టు. తేలు, దాని కింద తొమ్మిది చుక్కలు. ఏడో ఏట పొడిపించారు.

రెండు రోజులు ముగ్గురం జుట్టు చూశాం, ముక్కు చూశాం, కొప్పు ఎత్తు చూశాం. చేతిని ఎవరం చూడలేదు. మా ఇళ్ళల్లో ఆడదాని చెయ్యి అంటే పచ్చబొట్టు ఉన్న చెయ్యే. అది లేకపోతే కంట పడేది, ఉంటే పడదు. అర్దళం అయిపోయింది. రాణి రవికకు పొట్టి చేతులు.

"పాట అందుకో. చెయ్యి చాపకు" అన్నాడు తాత. తెర దించారు.

చెయ్యి చాపకుండా రాణి పాట ఎట్లా పాడుతుంది? రెండు చరణాలు చెయ్యి కడుపుకు అదుముకుని పాడాను. అమీను కుర్చీలో ముందుకు వంగి చూస్తున్నాడు. మూడో చరణానికి తాత తన వంతు కాకపోయినా రంగం మీదికి దూకాడు. నెత్తిన పాత గుడ్డ చుట్టి, చేతిలో మసి చిప్పతో పచ్చబొట్ల ఆమెలాగా నడుము తిప్పుకుంటూ వచ్చాడు.

"పచ్చబొట్లమ్మా, పచ్చబొట్లు! రాజుకు మీసం మీద తేలు, మంత్రికి ముక్కు మీద మండ్రగబ్బ! రాణమ్మా, చెయ్యియ్యి తల్లీ, పైసలొద్దు, సోలెడు జొన్నలియ్యి!"

నా చెయ్యి లాక్కుని పచ్చబొట్టు మీదే మసి దిద్దాడు. తర్వాత రాజు చేతికి, మద్దెలాయన బుగ్గకు, చెలికత్తె నుదుటికి. చివరికి ఒక జవాను చెయ్యి కూడా పట్టుకున్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో నేను చెయ్యి చాపి మూడో చరణం ముగించాను.

ఆట అయ్యాక అమీను వేలు ఆడించి నన్ను పిలిచాడు.

"ఇదర్ ఆ. పోయినేడు ఘనపూర్‌ల పాడింది నువ్వేనా?"

నేను నోరు తెరవకముందే మామ చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "మంగళారతి కాకముందు వేషం సొంత మాట మాట్లాడొద్దు సర్కార్. మా కట్టడి."

అమీను లేచి నా కొప్పు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. జుట్టు విడిపోయి నడుము మీద పడింది. ఒక పాయను వేలికి చుట్టుకుని మళ్ళీ లాగాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గాని నేను కదలలేదు.

"అసల్ బాలే, సొంత జుట్టే" అని జమేదారు వైపు తిరిగాడు. "ఊళ్ళనే ఉన్నడని రాయి." మామ ఊపిరి వదలడం నాకు వినిపించింది. అమీను ఇంకా నా ముందే నిలబడి ఉన్నాడు. "మగోనికి గింత జుట్టెందుకు? ఏయ్ హజామ్, క్రాపు గొట్టు. ఇక్కడ్నే. సోమవారం హాజరుకు మగోని లెక్క రావాలె."

"శుక్కురారం కత్తి పట్టను దొరా" అన్నాడు తాత. అమీను వినలేదు. జనంలో అవ్వ పక్కనున్నామె భుజం పట్టుకుని నిలబడింది. అరిస్తే అన్న పోతాడు, అరవకపోతే నా జుట్టు పోతుంది. అవ్వ అరవలేదు. తాత నన్ను నేల మీద కూర్చోబెట్టి తొమ్మిది కత్తిరింపుల్లో ముగించాడు. లెక్కపెడుతూ ఉంటే ఏడుపు ఆగింది.

మూడు రోజులే ఉన్నాయి. సోమవారం నాటికి నిజంగా మగవాడు కావాలి. మామ ఆ సాయంత్రమే మనిషిని పంపాడు. మూడో రోజు తెల్లవారేసరికి అన్న దొడ్డిదారిన వచ్చాడు. ఇప్పుడు ఆ క్రాపు గురించి ఎవరూ అడగరు, అమీనే కొట్టించాడు. చేతి మీద పచ్చబొట్టు ఏదని కూడా ఎవరూ అడగరు, మసి కడిగితే పోతుంది. క్యాంపులో హాజరు ఇచ్చి వచ్చాడు, ఇక ప్రతి సోమవారం ఇవ్వాలి. అమీను అన్న తల నిమిరి "ఇప్పుడు మంచిగున్నవ్" అన్నాడట.

నేను బయటికి పోలేదు. అమ్మవారు పోసి జుట్టు తీయించామని పటేలుకు చెప్పించారు. అన్న మొదటిరోజు నా తల చూసి అన్నం ముందు నుంచి లేచిపోయాడు. తర్వాత దొడ్లో నా పక్కన కూర్చుని అన్నాడు.

"నీ జుట్టు మెడ దిగేదాక నేను యాడికి పోనే. నువ్వు గడప దాటినంక నేను గూడ దాటుత."

"దాటి యాడికి?"

"యాడికెళ్ళి వచ్చిన్నో ఆడికే."

అక్కడికి పోయినవాళ్ళలో మా ఊరివాళ్ళు ఇద్దరు అప్పటికే తిరిగి రాలేదు.

నెలకు జుట్టు వేలి మందం పెరిగింది. రెండో నెల చివర చెవులు దాటుతుంటే, అన్న హాజరుకు పోయిన పూట గడ్డి కోసే కొడవలితో కొసలు కోసుకున్నాను. వంకరగా వచ్చింది. అన్న చూసి, "నీది శాన ఆలస్యం పెరుగుతున్నదే" అన్నాడు. ఆముదం రాయమని అవ్వను కోప్పడ్డాడు.

మరుసటి సోమవారం అన్న క్యాంపుకు పోగానే అవ్వ తలుపు దగ్గరగా వేసి, మంగలి తాత దగ్గర అడిగి తెచ్చిన కత్తెర నా ముందు పెట్టింది. "వంగు. కొడవలితోని కోస్తె తెలుస్తది."

మొత్తం ఏడుసార్లు కత్తిరించింది. పోరు ఆపేశారన్న మాట ఊరికి చేరిన రోజున కూడా నా జుట్టు చెవుల దగ్గరే ఉంది.