మునగకుండా చేసిన లారీ

ఆ రోజుల్లో నాతో ఎవరైనా మాట్లాడారంటే అది చాలావరకు రాంగ్ నంబరే అయి ఉండేది. ఆ రోజులంటే మరీ పూర్వకాలం కాదు. ఫోన్లున్నాయి, ఫోన్ల నిండా మనుషులున్నారు, ఆ మనుషులందరికీ పనులున్నాయి. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడినప్పుడు మా తాతగారు కోస్తా నుంచి గుమాస్తాగా ఈ ఊరొచ్చారు కనుక మూడు తరాలుగా మేం హైదరాబాదువాళ్ళమే. కాని ఆ ఏడు అమ్మా నాన్నా అక్క పిల్లల్ని చూసుకోవడానికి విశాఖపట్నం వెళ్ళడంతో, ఊళ్ళో మా వంశానికి ప్రతినిధిగా నేనొక్కణ్ణే మిగిలాను. ఇరవై ఆరేళ్ళు, ఒక బీకాం డిగ్రీ, నాంపల్లి స్టేషన్ దగ్గర సందులో మేడమీద గది, అబిడ్స్‌లో చిన్న ఆఫీసులో ఉద్యోగం. ఆ ఆఫీసులో మేం ముగ్గురం. మిగతా ఇద్దరూ భార్యాభర్తలు. వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. నేను నోరు తెరిస్తే ఎవరి పక్షమో తేల్చాల్సి వస్తుందని నేనూ మాట్లాడేవాణ్ణి కాదు. (సాయంత్రం లిఫ్టులో 'గ్రౌండ్ ఫ్లోర్' అనడమే ఆ రోజుకి నా మొదటి మాట అయిన సందర్భాలున్నాయి.)

ఆదివారం అబిడ్స్‌లో దుకాణాలు మూస్తారు, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. నాకు పుస్తకాల కంటే, నా పక్కన నిలబడి అదే గుట్ట కెలికే మనుషుల మీద ఆశ ఎక్కువ. గంటల తరబడి భుజం భుజం రాసుకుంటూ ఉండొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. అలా ఒక ఆదివారం, ముందు పేజీలూ వెనక పేజీలూ లేని మిలిటరీ పుస్తకమొకటి చేతికి తగిలింది. మధ్యన మిగిలిన పేజీల్లో ఒక బండి బొమ్మలు, కొలతలతో సహా ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఓడల్లోంచి సామాను దింపి ఒడ్డుకి చేర్చిన ఆరు చక్రాల లారీ అది. రోడ్డు మీద లారీ, నీళ్ళలోకి దిగితే పడవ. లారీల వాళ్ళకి అది పడవలా, పడవల వాళ్ళకి లారీలా కనిపించి ఉంటుంది. నాకు మాత్రం చూడగానే చుట్టంలా అనిపించింది.

దాన్ని అసలులో ఆరో వంతుకి చేద్దామనుకున్నాను. ఆరో వంతంటే చిన్నదనుకునేరు. ఐదడుగుల రెండంగుళాలు. నా గదిలో నా మంచం తర్వాత అంత పొడవున్న వస్తువు ఇంకొకటి లేదు. ప్లైవుడ్ కోసి పక్కటెముకలు నిలబెట్టాను. వాటి మీద నూనె డబ్బాల రేకు కత్తిరించి తాపడం చేశాను. (బయట సైన్యం ఆకుపచ్చ రంగు, లోపలికి తొంగి చూస్తే వరసగా పొద్దుతిరుగుడు పువ్వులు.) గుండుసూదుల తలలు కోసి రివెట్లు పెట్టాను. అరిగిపోయిన హవాయి చెప్పులు పొరలు పొరలుగా అంటించి ఆరు చక్రాలు చెక్కాను. గౌలిగూడలో పాత బస్సుల సామాన్లమ్మే కొట్లో వైపరు మోటారు కొన్నాను. అది తిప్పడానికి రేకుతో పంకా చేశాను. సాయంత్రం ఆరున్నరకి గది తలుపేసుకుంటే మళ్ళీ ఉదయం ఆఫీసుకే తీసేవాణ్ణి. పదకొండు నెలలు. మధ్యలో అక్క ఫోన్ చేసి "ఏం చేస్తున్నావురా?" అంటే "ఏం లేదు" అనేవాణ్ణి. అదేమిటో, చెప్పడానికి ఎవరూ లేనప్పుడు నోటి దాకా వచ్చే సంగతి, అడిగేవాళ్ళు దొరికాక వెనక్కి పోతుంది.

మా ఇంటి యజమానురాలు రిటైరైన లెక్కల టీచరు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆదివారం పొద్దున్న తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచిలో పెట్టుకుని చర్చికి వెళ్ళడం, తక్కిన రోజుల్లో వీధిలోని పిల్లలందరి లెక్కలు ఉచితంగా తప్పుపట్టడం ఆవిడ పని. అద్దె రోజున తప్ప మా మధ్య మాటల్లేవు. అలాంటిది, ఒక వారం హఠాత్తుగా మేడెక్కి వచ్చి గిన్నెడు పలావు ఇచ్చారు. మూడు రోజులకి పులిహోర. ఆ పై వారం వాళ్ళ పాస్టరుగారే వచ్చి, గుమ్మంలో నిలబడి, జీవితం దేవుడిచ్చిన వరమని చాలా మృదువుగా చెప్పి వెళ్ళారు. నేను కాదనలేదు. మర్నాడు ఆవిడే వచ్చి తలుపు దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"బాబూ, నిన్ను కన్నకొడుకనుకుని అడుగుతున్నా. బట్టలు తీయడానికి పైకొచ్చినప్పుడు కిటికీలోంచి చూశా. ఆ పెట్టె ఎవరికి?"

"పెట్టె కాదండీ. లారీ."

"లారీకి చక్రాలుంటాయి."

"ఇంకా అతకలేదండీ. మంచం కింద ఉన్నాయి."

ఆవిడ నమ్మలేదు. నా వైపు ఒకసారి, దాని వైపు ఒకసారి చూశారు. "నీ ఎత్తెంత?"

"ఐదడుగుల నాలుగంగుళాలు."

"మరి రెండంగుళాలు తక్కువ చేశావేం?" అనేసి, తను అన్నది తనకే అర్థమై, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు నాకూ అర్థమైంది. ఎవరితోనూ మాట్లాడని కుర్రాడు, తలుపేసుకుని, తన పొడవున శవపెట్టె చేసుకుంటున్నాడు. లెక్కల టీచరు కదా, కూడి చూసుకున్నారు. నవ్వబోయాను గాని, నా కోసం ఒక మనిషి రెండు వారాలుగా దిగులు పడుతోందని తట్టి మానుకున్నాను. మంచం కింద నుంచి చక్రాలు తీసి చూపించాను. పుస్తకం చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కొలతలన్నీ ఆరుతో భాగించి సరిచూశారు.

"ఇది నీళ్ళలో తేలుతుందా?"

"తేలాలండీ."

"తేలడం నా కళ్ళతో చూస్తే గాని నాకు మనశ్శాంతి ఉండదు. చర్చి అయ్యాక, వచ్చే ఆదివారం."

ఆ విధంగా నా లారీకి ఒక ప్రేక్షకురాలు దొరికింది. నాకు కావలసిందల్లా అదే. ఒక్క మనిషి చూడాలి, చూసి, 'అబ్బ, లారీ తేలుతోంది' అనాలి. కాని మేమిద్దరం చూసుకోనిది ఒకటుంది. ఆ ఆదివారం వినాయక చవితి నుంచి ఐదో రోజు. ఐదురోజుల గణపతులన్నీ నిమజ్జనానికి సాగర్ చెరువుకి బయల్దేరే రోజు. దొరికిన ట్రాలీ ఆటోకి అప్పటికే ముందు అరటిపిలకలు, పైన జెండాలు కట్టి ఉన్నాయి. దుమ్ము పడకూడదని లారీ మీద కప్పింది టీచరుగారి పాత పట్టుచీర, పసుపుది. ఇక ట్రాలీ డ్రైవరు తప్పేముంది? చెప్పులు విడిచి, చీరకి దణ్ణం పెట్టి, ఇంకో ఇద్దర్ని పిలిచి ఎత్తించాడు.

"ఏందన్నా, సామి గింత బరువున్నడు! ఎన్ని రోజులు కూసోబెట్టిన్రు?"

నేను వేరే ధ్యాసలో ఉండి నిజం చెప్పేశాను. "పదకొండు నెలలు."

డ్రైవరు చెయ్యి హ్యాండిల్ మీదే ఆగిపోయింది. "పదకొండు నెలలా? ఇంట్లనా? రోజూ పూజ చేసిన్రా?"

"రోజూ. ఆరున్నర నుంచి."

"శానా ఓపికన్నా నీది" అన్నాడు భయభక్తులతో, కిరాయి మాట మళ్ళీ ఎత్తలేదు. టీచరుగారు అతని పక్కన గొడుగు పట్టుకుని కూర్చున్నారు. నేను వెనక, చీర పట్టుకుని. లక్డీకాపూల్ దాటేసరికి డప్పులతో నడుస్తున్న ఒక గుంపు మా ట్రాలీ వెనక చేరింది. ఎవరో నా తలకి కాషాయం గుడ్డ కట్టారు, ఎవరో గులాల్ పూశారు, ఒకాయన "జర జరుగు తమ్మీ" అని నా పక్కనే ఎక్కి భుజం మీద చెయ్యేశాడు. "గణపతి బప్పా" అని ఒకరంటే "మోరియా" అని నలభై మంది. చెప్పాల్సింది అప్పుడే. 'అయ్యా, ఇది లారీ' అంటే రెండు క్షణాల పని. చెప్పలేదు. నా భుజం మీద ఎవరైనా చెయ్యేసి ఏడాది దాటింది, ఆ చెయ్యి తీసేస్తారేమోనని చెప్పలేదు. మూడో కేకకి నేనూ 'మోరియా' అన్నాను. ముందు సీట్లోంచి టీచరుగారు వెనక్కి తిరిగి, "కానివ్వు బాబూ, వాళ్ళది వాళ్ళు చెప్పుకోనీ. నాది నేను లోపల చెప్పుకుంటున్నా" అన్నారు.

సాగర్ ఒడ్డున నలుగురు కలిసి దింపారు. చీర తీయక తప్పలేదు. తీశాను. డప్పు ఆగింది.

"గిదేంది? సామి ఏడి?"

అందరూ నన్నే చూస్తున్నారు. ఈ ఊళ్ళో గణపతి ఎక్కని బండి లేదు. జీపెక్కాడు, బుల్లెట్టెక్కాడు, యుద్ధట్యాంకూ ఎక్కాడు. కనుక వాళ్ళు ఆలోచించి తీసుకున్న నిర్ణయం ఒకటే. ట్రాలీ డ్రైవరే దాన్ని ప్రకటించాడు: "మిలిటరీ సెట్టింగన్నా! అన్న టెన్షన్‌ల సామిని ఇంట్లనే మర్చిపోయిండు!"

పాపం పాపం అన్నారు. ఒకరు నాకు మంచినీళ్ళిచ్చారు. ఇంతలో గుంపులోంచి భారీమనిషి ఒకావిడ పళ్ళెంలో జానెడు మట్టి గణపతితో ముందుకొచ్చింది. "ఫికర్ చెయ్యకు తమ్ముడూ. ఖాళీ బండి నీళ్ళల్లకు పోవద్దు. మా సామిని కూసోబెట్టు." అంత పెద్ద మనసుని కాదనలేక రెండు చేతులా అందుకున్నాను. నా లారీ డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. అలకి ఒరుగుతాడేమోనని నాకు దిగులు. పనివాడి బుద్ధి ఎక్కడికి పోతుంది, జేబులో ఉన్న లప్పం (రెండు నిమిషాల్లో రాయైపోయే రకం) కలిపి గట్టిగా అతికించాను. మోటారు మీట నొక్కాను. వెనక ఒక తాడు కట్టి వదిలాను.

తేలింది. నా కొలతల ప్రకారం ఎంతవరకు మునగాలో గీత గీసుకున్నాను. నీళ్ళు సరిగ్గా ఆ గీత దగ్గర ఆగాయి. పంకా తిరిగింది, గణపతి నడుపుతున్నట్టే నీళ్ళ మీద ముందుకెళ్ళింది. జనం ఒక్కసారిగా అరిచారు. ఫోన్లన్నీ పైకి లేచాయి. (తర్వాత ఆ వీడియోలు చూశాను. ఒక్కదాంట్లోనూ నేను లేను.) టీచరుగారు గొడుగు కింద పెట్టి చప్పట్లు కొట్టారు. అంత సంతోషంలోనూ నాకు వినిపించింది ఆ గణపతిని ఇచ్చిన అక్క గొంతు.

"తమ్ముడూ, మునగలే."

"మునగదక్కా. మునగకుండా చేశాను."

"నిమజ్జనానికి తెచ్చి మునగకుంట చేసినవా?"

తాడు లాగాను. పంకా దాన్ని ఎప్పుడో చుట్టుకుని తెంపేసింది. లారీ నిమ్మళంగా నడిమధ్యకు పోతోంది. కాపలా ఉన్న గజఈతగాడు పడవేసుకుని వెళ్ళి పట్టుకున్నాడు. విగ్రహం తీయబోయాడు, ఊడలేదు. నా లప్పం అలాంటిది. అక్కడి నుంచే కేకేశాడు: "అన్నా! ముంచాల్నా, తేవాల్నా?"

అంతమంది నా మాట కోసం ఎదురు చూడటం అంతకు ముందు లేదు, తర్వాతా లేదు. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. "నీళ్ళల్లకు పోయిన సామిని మళ్ళ ఒడ్డుకు తేవద్దు తమ్ముడూ. కొత్తగ ఇల్లు కట్టినం, మొదటి సామి ఇది." ఆవిడ కళ్ళలో నీళ్ళు. తెమ్మంటే లారీ నాతో గదికొస్తుంది. ఆరున్నరకి తలుపేసుకుని ఇద్దరం కూర్చోవచ్చు. నేను రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాను.

"వెనకాల, కింద, నల్ల బిరడా ఉంటుంది! అది లాగేయండి!"

లాగాడు. మూడుసార్లు ఆనవాయితీగా ముంచాడు. మొదటిసారి లేచింది, రెండోసారీ లేచింది. మూడోసారి బుడగలు వచ్చాయి. అందరూ "మోరియా" అన్నారు. అక్క నా చేతిలో కొబ్బరిముక్క పెట్టి, తల నిమిరి, వచ్చినదారిన వెళ్ళిపోయింది. గుంపూ వెళ్ళిపోయింది. టీచరుగారు చీర మడత పెడుతూ, "నాలుగు నిమిషాల పన్నెండు సెకండ్లు తేలింది బాబూ. నేను వాచీ చూశా" అన్నారు. తర్వాత, నా మొహం చూసి, "మంచి లారీ" అన్నారు.

మర్నాడు ఆఫీసు ఎగ్గొట్టి, క్రేన్లు నీళ్ళలోంచి తోడి పోసిన విగ్రహాల చువ్వల గుట్టలో వెతికాను. నాది దొరకలేదు. ఎవరిదో నెమలి తల దొరికింది. గదికొస్తే నేల మీద ఐదడుగుల రెండంగుళాల మేర దుమ్ము లేని చోటు. ఊడ్చాలనిపించక, దాని పక్కనే కాసేపు కూర్చున్నాను. కింద నుంచి టీచరుగారు పిలిచారు, "అన్నం వడ్డించేశా, చల్లారిపోతుంది" అని, అది రోజూ ఉన్న అలవాటే అన్నట్టు. వెళ్ళాను. ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా వెళుతూనే ఉన్నాను. ఆవిడ ఇప్పుడు లేరు. ఆవిడని తీసుకెళ్ళిన రోజున మోసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

అప్పుడప్పుడు ఆ ఇరవై ఆరేళ్ళవాడు గుర్తొస్తాడు. ఒళ్ళో రేకు ముక్క, వేళ్ళకి జిగురు, వేసి ఉన్న తలుపు. ఎదురుపడితే చెప్పాలనిపిస్తుంది, 'ఒరే, మెట్లు దిగి ఆవిడని కాఫీ తాగారా అని అడిగితే సరిపోయేదానికి ఇంత కథ ఎందుకురా' అని. వాడు తలెత్తడు. "ఒక్క నిమిషం ఉండండి, ఈ రివెట్టు అయిపోనీ" అంటాడు.